అడ్రసులో ఆ మాట

మార్చి 4

కోపం వస్తే గిన్నెల మీద కాకుండా కాగితం మీద చూపించమని మా అమ్మాయి ఈ డైరీ ఇచ్చింది. దానికి కాలేజీలో ఎవరో ఇచ్చారట. ముందు పేజీలో దాని స్నేహితురాళ్ళ ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. సరే, చూపిస్తున్నాను.

కొత్త బైపాస్ రోడ్డుకు పేరు పెడతారట. ఆరేళ్ళ క్రితం జైలు వడ్రంగం షెడ్డు తగలబడినప్పుడు పోయిన ముగ్గురి జ్ఞాపకార్థం. ఒకరు డిప్యూటీ జైలరు, ఒకరు హెడ్ వార్డరు, ఒకరు అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరిన వార్డరు. ఆ మధ్యలో ఆయన మా ఆయన.

రోడ్డు ఇంకా పూర్తి కానే లేదు. వంతెన దగ్గర కంకర గుట్టలు అలాగే ఉన్నాయి, వాటి మీద కుక్కలు పడుకుంటున్నాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుక్కి పేరు మాత్రం సిద్ధం.

మూడు కుటుంబాల తరఫున మాట్లాడటానికి ఒక మనిషి కావాలన్నారు. అందరూ నా వైపు చూశారు. "టీచరమ్మ ఉన్నారుగా" అన్నారు. టీచరంటే ఊళ్ళోవాళ్ళ అర్జీలన్నీ రాసిపెట్టడానికి పుట్టిన జీవమని ఎవరు కనిపెట్టారో! వద్దని చెప్పేలోపు అత్తయ్య "అయ్యో, దానికేం, చేస్తుంది" అని ఒప్పేసుకుంది. ఆవిడ నోటికి తొందరెక్కువ.

నాకు ఈ రోడ్డు మీద ఏ పట్టింపూ లేదు. ఏ పేరైనా పెట్టుకోనీ.

మార్చి 9

రోడ్ల ఆఫీసులో మీటింగు. ఇంజనీరు గది నిండా చుట్టచుట్టిన మ్యాపులు. కూర్చోవాలంటే ఒక జిల్లాను తీసి పక్కన పెట్టాలి. పైన ఫ్యాను టకటకమని కొట్టుకుంటోంది. ఇంజనీరు దానికంటే గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు, అందుకని మామూలు మాట కూడా తగాదాలాగే వినిపిస్తుంది.

"'అమర జైలు అధికారుల రహదారి'. ఎలా ఉంది మేడం?"

"అధికారి ఒక్కరే పోయారండీ. మిగతా ఇద్దరూ వార్డర్లు" అన్నాను.

"పోయాక అధికారి అంటే తప్పేముంది? గౌరవమేగా!"

"బతికుండగా డ్యూటీకి గొడుగు కూడా ఇవ్వలేదు. ఇప్పుడు ప్రమోషన్ ఎందుకు? 'సిబ్బంది' అనండి, ముగ్గురూ వస్తారు."

అన్న తర్వాతే గుర్తొచ్చింది, డిప్యూటీగారి భార్య నా పక్కనే ఉందని. నేను ఆవిణ్ణి అక్కా అంటాను. ఆవిడ టీ కప్పు చప్పుడు కాకుండా కింద పెట్టి, "సిబ్బందే అనండి. ఆయనా జీతానికి పనిచేసినవారే" అంది. తర్వాత ఒకే ఒక్కటి అడిగింది. పేరు బోర్డు బైపాస్ మలుపు దగ్గరే పెట్టాలని. అక్కణ్ణించి జైలు గోడ కనిపిస్తుంది. ఇంజనీరు మ్యాపు మీద ఎర్ర చుక్క పెట్టాడు.

బయటికి వచ్చాక అక్క నాతో పాటు ఆటో ఎక్కలేదు. వేరే పనుందంది. ఆవిడకు ఎప్పుడూ వేరే పనుంటుంది. ఆస్పత్రిలో ఆ రోజు ఆవిడ నాతో అన్న మాట ఒకటుంది: "మీ ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళకపోతే, మా ఆయన వెళ్ళేవారు కాదు." ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. మేమిద్దరం చాలా మర్యాదగా ఉంటాం.

ఆవిడ తప్పేముంది? షెడ్డులో వాళ్ళందరినీ మా ఆయనే బయటికి తెచ్చాడు. ఖైదీలను నిలబెట్టి తలలు లెక్కపెట్టారు. సరిపోయింది. అయినా మళ్ళీ లోపలికి పరిగెత్తాడు. ఆయన్ని వెనక్కి తేవడానికి మిగతా ఇద్దరూ వెళ్ళారు. పైకప్పు కూలింది. విచారణ చేసినవాళ్ళు "అనవసరంగా" అన్నారు. 'అనవసరంగా లోనికి వెళ్ళినందున' అని రిపోర్టులో రాశారు.

ఆ మాట గురించి ఆలోచించడం నేను ఎప్పుడో మానేశాను.

మార్చి 10

అత్తయ్య ఫొటో స్టూడియోకి వెళ్ళి కొడుకు ఫొటో పెద్దది చేయించుకొచ్చింది. బోర్డు మీద ఫొటోలుండవని ఇంకోసారి చెప్పాను. "ఇంత పెద్ద రోడ్డు, ఇంత ఫొటోకి చోటుండదా?" అంది.

మార్చి 15

మలుపుకు ఇవతల కొత్త ఫ్లాట్లున్నాయి. వాటి ప్రెసిడెంటు బిస్కెట్ల డబ్బాతో మా ఇంటికి వచ్చాడు. చాలా నెమ్మదైన మనిషి. అలాంటివాళ్ళతోనే నాకు భయం.

"అమ్మా, ఆ ముగ్గురి మీద మాకు ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను."

"చెప్పకండి, పర్వాలేదు."

"రోడ్డుకు పేరు పెట్టాల్సిందే. మేమే పూలమొక్కలు నాటిస్తాం. కాకపోతే ఆ ఒక్క మాట..."

"ఏ మాట?"

"అదే. జైలు." గొంతు తగ్గించాడు, పక్కింట్లో రోగి ఉన్నట్టు. "అడ్రసులో పడిపోతుందమ్మా. ఇల్లెక్కడంటే ఏం చెప్పాలి? జైలు రోడ్డులో ఉంటున్నామనా? పిల్లలకు సంబంధాలు చూడాలి. 'అమరవీరుల రహదారి' అంటే ఎంత హుందాగా ఉంటుంది!"

"అప్పుడు వాళ్ళు సైనికులనుకుంటారు."

"అనుకుంటే మంచిదేగా!"

బిస్కెట్లు తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. అప్పటికే అత్తయ్య డబ్బా మూత తీసింది.

నాకు మండిపోయింది. ఇంతకీ మండటానికి కారణం ఏమిటా అని ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన కూడా ఆ మాట ఎవరికీ చెప్పేవాడు కాదు. ఎక్కడ పని అంటే "గవర్నమెంటు" అనేవాడు. యూనిఫారం మీద మామూలు చొక్కా తొడుక్కుని ఇంటికొచ్చేవాడు. అత్తయ్య అయితే ఈ వీధిలో ఒక్కరికీ నిజం చెప్పలేదు. "మావాడు కలెక్టరాఫీసులో" అనేది. కలెక్టరాఫీసులో పనిచేసేవాడికి ఆదివారాలు, రాత్రిళ్ళు డ్యూటీ ఏమిటని అడిగిన వాళ్ళతో మాట్లాడటం మానేసేది.

మార్చి 16

మా అమ్మాయికి ఈ గొడవంతా వేళాకోళంగా ఉంది. "అమ్మా, రేపు ఆ రోడ్డు మీద లారీలు గుద్దుకుంటే పేపర్లో ఎలా రాస్తారో తెలుసా? 'అమర సిబ్బంది రహదారిపై ఇద్దరి మృతి'" అంది. అత్తయ్య నవ్వింది. నేను నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళాక నవ్వాను.

మార్చి 22

ఈ రోజు మున్సిపల్ హాల్లో అభ్యంతరాలు విన్నారు. రోడ్డు పొడుగునా ఉన్నవాళ్ళంతా వచ్చారు. ఫ్లాట్ల వాళ్ళు, ఫర్నిచర్ షాపు వాళ్ళు, నర్సింగ్ హోం డాక్టరు, మలుపు దగ్గర టైర్ల షాపతను. టైర్ల షాపతను వెనకాల గోడకానుకుని నిలబడ్డాడు, నోరు విప్పలేదు.

డాక్టరు మాట్లాడాడు: "పేషెంటు ధైర్యంగా ఉండాలి. అంబులెన్స్ డ్రైవరు 'జైలు రోడ్డుకి పోనీ' అన్నాడనుకోండి, మంచం మీదున్నవాడి గతేమిటి?" హాలంతా నవ్వు. వాళ్ళ నవ్వులో నేను రాసుకొచ్చిన మాటలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాగితాలు ఇటూ అటూ తిప్పాను. పదిహేనేళ్ళుగా పిల్లలకు గట్టిగా మాట్లాడండర్రా అని చెబుతున్న మనిషిని.

ప్రెసిడెంటు లేచి పెళ్ళి సంబంధాల సంగతి ఎత్తుకున్నాడు. అప్పుడు లేచింది అత్తయ్య. లేవొద్దని చెయ్యి పట్టుకుని లాగాను, విదిలించుకుంది.

"నా కొడుకు ఇరవై ఏళ్ళు రోజూ జైలుకెళ్ళొచ్చాడు బాబూ. మధ్యాహ్నం అన్నం అక్కడే తిన్నాడు. వాడికీ పెళ్ళైంది. అదిగో, కోడలు. టీచరు. బంగారంలాంటి సంబంధమే దొరికింది. నువ్వు ఆ జైలు ముందునించి కారులో పోవడానికే ఇంత సిగ్గుపడితే ఎట్లా?"

ఈసారి నవ్వు అటువైపు తిరిగింది. ప్రెసిడెంటు కూర్చున్నాడు. మా వీధివాళ్ళు ఇద్దరు ముందు వరసలోనే ఉన్నారు. అత్తయ్య వాళ్ళ వైపు చూసి మరీ చెప్పింది, "కలెక్టరాఫీసు కాదు. జైలే" అని.

ఇంటికొచ్చాక నీరసంగా ఉందంటే మజ్జిగ ఇచ్చాను. "బంగారంలాంటి సంబంధం అని మీరు నాతో ఎప్పుడూ అనలేదే" అన్నాను. "మీటింగుల్లో ఏవేవో అంటాం" అంది.

మార్చి 27

నిర్ణయం వచ్చింది. ఇంజనీరు బ్రహ్మాండమైన మధ్యేమార్గం కనిపెట్టాడు.

"'అమర కారాగార సిబ్బంది స్మారక రహదారి'. ఎలా ఉంది మేడం? జైలు అన్న మాట లేదు, కానీ ఉంది. కారాగారమంటే సగం మందికి అర్థం కాదు. మీకూ తృప్తి, వాళ్ళకూ తృప్తి."

అర్థం కాకపోవడమే గొప్పతనంగా పేరు పెట్టించుకున్న రోడ్డు ప్రపంచంలో ఇంకోటి ఉండదు. వద్దన్నాను. అక్క "పోనీలే, మాట అదేగా" అంది. చిన్న వార్డరు వాళ్ళ నాన్న, ఆయన దర్జీ, అసలే తక్కువ మాట్లాడతాడు, "అక్షరాలు తిన్నగా రాయిస్తే చాలండీ" అన్నాడు. నేను ఒక్కదాన్నే మిగిలాను. నాకు పట్టింపు లేదన్నదాన్ని నేనే కదా! ఊరుకున్నాను.

నమూనా కాగితం ఇంటికి తెచ్చాను. అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంది. "అమర... కారా... గారు... ఎవరే ఈ కారాగారు? మనవాడి పక్కన ఈయనెందుకు?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఏప్రిల్ 2

టైర్ల షాపతను స్కూలుకి వచ్చాడు. ఈ రోజు రాయను.

ఏప్రిల్ 3

జవాబు పత్రాలు దిద్దాను. ఎనిమిదో తరగతిలో సగం మంది నదుల్ని కొండల మీదికి ఎక్కించారు. అందరికీ మార్కులు వేసేశాను.

ఏప్రిల్ 5

రాస్తాను. ఎక్కడో ఒకచోట పెట్టాలి.

ఆ రోజు చివరి పీరియడ్ నాకు ఖాళీ. సైకిల్ స్టాండు దగ్గర టైర్ల షాపతను నిలబడి ఉన్నాడు. చేతులు ఎంత కడిగినా పోని టైరు నలుపు.

"నన్ను గుర్తుపట్టారా అమ్మా?"

"టైర్ల షాపు కదా? మీటింగులో వెనక నిలబడ్డారు."

"అంతకుముందు?"

గుర్తు రాలేదు. ఆయన చుట్టూ చూసి, "లోపల ఉండేవాణ్ణమ్మా. ఆ రోజు షెడ్డులో ఉన్నాను" అన్నాడు.

షెడ్డులో ఉన్నవాళ్ళంతా విచారణలో మాట్లాడారు. ఒక్కొక్కరి మొహం నాకు తెలుసు. అదే అన్నాను.

"నేను ఆ లెక్కలో లేను. నాది తోటపని. ఎండకు తట్టుకోలేక షెడ్డులో వెనకాల చెక్కల చాటున పడుకున్నాను. మీ ఆయన చూశాడు. చూసి తిట్టాడు. 'కాసేపు పడుకుని తగలడు, మళ్ళీ నా కంటబడకు' అన్నాడు. ఇంకెవరికీ తెలీదు. నేనక్కడ ఉన్నానని ఆయనొక్కడికే తెలుసు."

నేను సైకిల్ స్టాండు కమ్మీ పట్టుకున్నాను. ఎండకు కాలుతోంది. అయినా వదల్లేదు.

"పొగకి మెలకువొచ్చేసరికి ఎవరూ లేరమ్మా. అందరూ వెళ్ళిపోయారు. అరిచాను, గొంతు లేవలేదు. అప్పుడొచ్చాడు. వెనక తలుపు గడియ బిగుసుకుపోయింటే కాలితో తన్ని తీసి నన్ను తోటలోకి తోసేశాడు. చాటున ఇంకెవడైనా పడుకున్నాడేమోనని మళ్ళీ అటు తిరిగాడు. ముందు తలుపులోంచి ఎవరో ఆయన్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. అంతే, కప్పు పడిపోయింది."

"ఏమన్నా అన్నాడా? మీతో?"

"తిట్టాడమ్మా. 'గాడిదా, నిద్రపోవడానికి నీకింకెక్కడా చోటు దొరకలేదురా' అని."

ఆయనే. అచ్చం ఆయనే. అమ్మాయిని స్కూలుకి లేపేటప్పుడు అదే గొంతు, అవే మాటలు. నాకు నవ్వొచ్చింది. స్కూల్లో, పట్టపగలు, ముక్కూమొహం తెలియని మనిషి ముందు నవ్వాను. తర్వాత ఒళ్ళు మండిపోయింది.

"ఇన్నేళ్ళు ఏం చేశారు? విచారణకు వచ్చి ఒక్క మాట చెబితే ఏం పోయేది? అనవసరంగా వెళ్ళాడని రాశారు, తెలుసా మీకు?"

"తెలుసమ్మా. భయం. ఉండకూడని చోట ఉన్నాను. మంట నేనే పెట్టానంటారేమోనని. తోటవాళ్ళలో కలిసిపోయాను. బయటికొచ్చాక చెబుదామనుకున్నా. బయటికొచ్చాక అసలు లోపలికెళ్ళిన సంగతే చెప్పలేని బతుకైంది."

"మరి ఇప్పుడెందుకు వచ్చారు?"

తల వంచుకున్నాడు. అప్పుడు అడిగాడు, అసలు వచ్చిన పని. బోర్డు సరిగ్గా ఆయన షాపుకి ఎదురుగా పెడుతున్నారు. పొద్దున షట్టరు ఎత్తితే అదే. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ళంతా దాన్ని చూసి ఆ సంగతే మాట్లాడతారు. జైలుకెళ్ళొచ్చిన విషయం భార్యకు తెలియదు, ఆవిడ పుట్టింటివాళ్ళకు తెలియదు. "ఎవరమ్మా వాళ్ళు, ఎలా పోయారని రోజూ ఎవరో ఒకరు నన్నే అడుగుతారు. నేనేం చెప్పను? పేరు తీసెయ్యమనట్లేదు. తీసెయ్యమంటే నా నోట్లో పురుగులు పడతాయి. కాస్త పక్కకి... మీరు చెబితే వింటారని."

ఆరేళ్ళు నోరు విప్పనివాడు బోర్డు పెడతారంటే వచ్చాడు! ఈయన కోసం లోపలికి వెళ్ళాడు మా ఆయన. ఈయన కోసం ముగ్గురు. పోనీ ఏ గొప్పవాడో అయ్యాడా అంటే, మలుపు దగ్గర పంక్చర్లు వేస్తున్నాడు.

"పిల్లలున్నారా?" అన్నాను.

"ఇద్దరమ్మా."

ఇంతలో బెల్ కొట్టారు. పిల్లలంతా సైకిళ్ళ మీద పడ్డారు. లోపలికి వచ్చేశాను.

ఏప్రిల్ 6

అనవసరంగా కాదు.

ఏప్రిల్ 8

బోర్డు కదలాలంటే అక్క ఒప్పుకోవాలి. ఆ మలుపు ఆవిడ అడిగిన చోటు. ఆవిడ అడిగింది అదొక్కటే. అక్క ఒప్పుకోవాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే ఆ మనిషి బయటపడతాడు. రెండు రోజులు దీంతోనే సరిపోయింది. అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను. అత్తయ్య తిట్టింది.

ఈ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆరేళ్ళలో మొదటిసారి. అక్క బట్టలు ఇస్త్రీ చేస్తోంది. కూర్చోమంది. ఇస్త్రీ ఆపలేదు.

"అక్కా, ఆ రోజు లోపల ఒక మనిషి మిగిలిపోయాడు. లెక్కలో లేనివాడు. వాడి కోసమే మా ఆయన మళ్ళీ వెళ్ళాడు."

ఇస్త్రీపెట్టె ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఆ మనిషే."

"బతికున్నాడా?"

"ఉన్నాడు. ఎవరని మాత్రం అడక్కు. చెప్పనని నేను మాటివ్వలేదు, అయినా చెప్పలేను. బోర్డు ఆ మలుపులో ఉంటే వాడి బతుక్కి ఇబ్బంది. కాస్త ఇవతలికి జరుపుదాం."

ఏదో మాడిన వాసన వచ్చింది. ఇద్దరం ఒకేసారి ఇస్త్రీపెట్టె లేపాం. దిండు గలేబు మీద గోధుమరంగు మచ్చ పడింది. అక్క ఆ మచ్చ మీద వేలితో రుద్దుతూ ఉండిపోయింది.

అరుస్తుందనుకున్నాను. ఎవడో చెక్కల చాటున నిద్రపోయినందుకు నా మొగుడు పోయాడా అంటుందనుకున్నాను. ఆ మాట నేను వారం రోజులుగా అనుకుంటూనే ఉన్నాను కాబట్టి.

"బాగున్నాడా?" అంది.

"పని చేసుకుంటున్నాడు. ఇద్దరు పిల్లలు."

"ఆస్పత్రిలో నేను నిన్ను..."

"వదిలెయ్యక్కా."

"వదిలెయ్యడానికి నువ్వెవరివి? అన్నది నేను" అని కసిరింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "మా ఆయనకి తెలిసుంటే బాగుండేది, లోపల నిజంగానే మనిషున్నాడని. పిలుస్తూ పిలుస్తూ వెళ్ళారట" అంది. టీ పెట్టింది. పంచదార వేయడం మరిచిపోయింది. అలాగే తాగాం.

గుమ్మం దాకా వచ్చి, "ఎక్కడ పెట్టిస్తావు మరి?" అని అడిగింది.

"ఫ్లాట్ల గేటు ఎదురుగా" అన్నాను.

అక్క నవ్వడం చూసి ఎన్నేళ్ళయిందో!

ఏప్రిల్ 10

ఇంజనీరు జుట్టు పీక్కున్నాడు. "గుంత తవ్వేశాం మేడం! సిమెంటు పోయడమొక్కటే తరువాయి! ఆ మలుపే కావాలని మీరే కదా..."

"మలుపులో అంత పొడుగు పేరు చదువుతూ డ్రైవరు తిప్పడం మరిచిపోతే? తిన్నని రోడ్డు మీద ఉండాలి. మీరు ఇంజనీరు, నేను చెప్పాలా?"

మ్యాపులో మలుపు వెంట వేలు తిప్పి చూశాడు. "ఇది పాయింటే" అన్నాడు. ఎర్ర చుక్క కొట్టేసి ఇంకోటి పెట్టాడు. "మీరు మా డిపార్టుమెంటులో ఉండాల్సింది మేడం."

ఒక్క డిపార్టుమెంటు ఒక మనిషిని తినేసింది, చాలు.

ఏప్రిల్ 12

ప్రెసిడెంటు ఫోన్. ఈసారి నెమ్మది లేదు. "మా గేటు ముందా? అంత పొడుగు రోడ్డులో మా గేటే దొరికిందా మీకు?"

"పూలమొక్కలు నాటిస్తానన్నారుగా. దగ్గరుంటే నీళ్ళు పోయడం తేలిక" అన్నాను.

పెట్టేశాడు. అమ్మాయి పక్కనుంచి చప్పట్లు కొట్టింది.

ఏప్రిల్ 20

అయిపోయింది. మంత్రిగారు వచ్చేసరికి కుర్చీలు కాలిపోతున్నాయి. ఎండలో మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, అడ్డంగా ఫొటోగ్రాఫర్లను నిలబెట్టారు. మంత్రిగారు కాగితం చూసి "అమర కర్మాగార సిబ్బంది" అన్నారు. ఫ్యాక్టరీలో పోయినవాళ్ళనుకున్నారేమో, కార్మికుల సంక్షేమం గురించి చాలాసేపు మాట్లాడారు. ఇంజనీరు చెమటలు తుడుచుకుంటూ నన్ను చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

తెర లాగితే సగంలో చిక్కుకుంది. చిన్న వార్డరు వాళ్ళ నాన్న లేచి వెళ్ళి, బట్ట చిరగకుండా విడదీశాడు. కింద ముగ్గురి పేర్లు వరసగా, ఒకే సైజులో ఉన్నాయి. ఆయన తన కొడుకు పేరు దగ్గర నిలబడి ఒక్కో అక్షరం కిందా వేలు పెట్టి చూశాడు. "తిన్నగానే రాశారు" అన్నాడు.

అత్తయ్య పెద్ద ఫొటో తెచ్చింది. వద్దన్నా వినలేదు. అక్క దాన్ని తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎండ అద్దం మీద పడకుండా కొంగు కప్పి. నేను ఫొటో వైపు చూడలేదు. చూశాను.

మలుపు దాకా నడిచి వెళ్ళాను. టైర్ల షాపు షట్టరు దించి ఉంది. ఊరెళ్ళాడని పక్క షాపువాడు చెప్పాడు. రాకపోతే పోనీ, ఈ ఒక్క రోజు షాపు తెరుచుకుని కూర్చోవడానికేం? ఎంత కోపం వచ్చిందో! తిరిగి వచ్చేసరికి తగ్గింది. పోనీ, ఊరెళ్ళాడు. వెళ్ళడానికి ఊరుంది.

ఏప్రిల్ 21

అత్తయ్యకూ అమ్మాయికీ చెప్పాను. ఎవరన్నది చెప్పలేదు. మిగిలిపోయిన ఒక మనిషి కోసం వెళ్ళాడని మాత్రం చెప్పాను. అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. వేళాకోళమంతా పోయింది. కాసేపటికి వచ్చి నా పక్కన పడుకుంది.

అత్తయ్య బియ్యం ఏరుతోంది. ఏరుతూనే ఉంది. నాకు వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను.

"విన్నానే" అంది. "లోపల మనిషుంటే మరి వెళ్ళడూ?"

ఇంతే. ఆరేళ్ళు నేను మోసింది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. చాట పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. చాటలో రాళ్ళూ బియ్యమూ మళ్ళీ కలిసిపోయి ఉన్నాయి.

జూన్ 14

చాలా రోజులైంది రాసి. కోపం లేక కాదు, తీరిక లేక. స్కూళ్ళు తెరిచారు.

ఇవాళ స్కూలు నుంచి కొత్త రూటు బస్సులో వచ్చాను. అది బైపాస్ మీదుగా వెళుతుంది. కండక్టరు అమ్మాయి, గొంతు బస్సు హారన్‌ని మించిపోయింది. ఫ్లాట్ల దగ్గర బస్సు నెమ్మదించగానే కేకేసింది: "వార్డర్ల రోడ్డు! వార్డర్ల రోడ్డు దిగేవాళ్ళు ముందుకు రండి!"

నాకు మొదట అర్థం కాలేదు. అమరా లేదు, కారాగారమూ లేదు. ఇంజనీరు, ప్రెసిడెంటు, నేను కొట్టుకు చచ్చిన మాటల్లో ఒక్కటీ లేదు.

నా ముందు సీట్లో కూరగాయల సంచీ పెట్టుకున్న ఒకావిడ అడిగింది, "ఎవరమ్మా ఆ వార్డర్లు?"

కండక్టరు చిల్లర ఇస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది. "జైల్లో మంటలొస్తే లోపల మిగిలిపోయిన మనిషి కోసం వెళ్ళి పోయారంట. ముగ్గురు. టైర్ల షాపులో మా డ్రైవరుకి చెప్పారు. జరగండి జరగండి, దారిలో సంచులు పెట్టకండి."

నేను దిగాల్సిన స్టాపు ఇంకా చాలా దూరం. "ఆపమ్మా, దిగాలి" అన్నాను. "ముందే లేవాలి కదండీ, నిద్రపోతున్నారా?" అని కసిరింది. దిగాను.

ఇంటిదాకా నడిచేసరికి కాళ్ళు పీకేశాయి. అంత వెడల్పు రోడ్డు వేశారు, పక్కన మనిషి నడవడానికి జానెడు జాగా వదల్లేదు.